జొన్నరొట్టె తిరిగొచ్చిన దారి

సాయంత్రం ఆరు దాటితే హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రోడ్ల పక్కన టపటపమని చప్పుడు మొదలవుతుంది. కట్టెల పొయ్యి, దాని మీద పెనం, ముందు పీట, చేతికందేలా నీళ్ల గిన్నె. మెడలో ఐడీ కార్డులతో వచ్చినవాళ్లు “రెండు రొట్టెలు, ఒక కూర పార్శిల్” అని చెప్పి పక్కన నిలబడతారు.

ఈ నేలకు జొన్న కొత్తేమీ కాదు. వానను నమ్ముకున్న దక్కన్ మెట్ట పొలాల్లో తరతరాలుగా పండింది అదే. చాలా ఇళ్లలో వరి అన్నం పండగపూట తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇవ్వడంతో పేదింటి కంచంలోకి అన్నం వచ్చింది. బోర్ల కింద వరి సాగూ పెరిగింది. రొట్టె వెనక్కి జరిగింది.

చిత్రమేమంటే, జొన్న మీద పరిశోధనలు మాత్రం ఈ నగరం అంచునే ఆగకుండా సాగాయి. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి కుర్రకారు తరలివచ్చింది. హాస్టల్ గదుల్లో వంటిల్లు లేదు, జేబులో పెద్దగా డబ్బూ లేదు. గదిలో రైస్ కుక్కర్ ఉన్నవాళ్లకు కర్రీ పాయింట్, అదీ లేనివాళ్లకు మెస్ దిక్కయ్యాయి. రాయలసీమ రాగిసంకటి, నాటుకోడి పులుసు, తెలంగాణ బోటి, తలకాయ కూర, కోస్తా గోంగూర ఒకే రోడ్డు మీదికి చేరాయి.

చవక తిండికి గిరాకీ అక్కడితో ఆగలేదు. 2014లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ కలిసి నగరంలో ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టాయి. 2024 జనవరిలో మాదాపూర్‌లో ఒక ఆంటీ భోజనం బండికి జనం పోటెత్తి ట్రాఫిక్ ఆగిపోతే పోలీసులు తీయించారు. చివరికి ముఖ్యమంత్రి కల్పించుకుని అక్కడే ఉండనివ్వమన్నారు.

జొన్నరొట్టెను మళ్లీ పిలిచింది ఆకలి కాదు, షుగరు భయం. కూర్చుని చేసే ఉద్యోగాలకు అన్నం బరువైంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపేసరికి పెద్ద హోటళ్ల మెనూల్లోనూ జొన్న కనబడింది.

అయినా రోడ్డు పక్క రొట్టెల బండికి గిరాకీ తగ్గలేదు. గోధుమపిండికున్న సాగే గుణం జొన్నపిండికి ఉండదు. వేడినీళ్లతో కలిపి, ముద్దను బాగా మర్దించి, అరచేత్తో తట్టాలి. చపాతీ కర్రతో ఒత్తబోతే అంచులు పగులుతాయి. పెనం మీద వేశాక పైన నీళ్ల తడి అద్దాలి. పిండి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు గానీ, ఆ చెయ్యి దొరకదు. రొట్టె పొంగి దిగేలోపు పీట మీద ఇంకో ముద్ద గుండ్రంగా విచ్చుకుంటూ ఉంటుంది.