బారు లేని సైకిలు

స్వర్ణోత్సవ సంచికకు మన బడి చరిత్రలోంచి ఏదైనా ఒక ముక్క రాయమన్నారు. భవనాల గురించి, హెడ్మాస్టర్ల గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళున్నారు. నేను సైకిలు స్టాండు గురించి రాస్తాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మాబోటివాళ్ళకు హైస్కూలు చదువు అక్కడే మొదలైంది.

నేను 1978 జూన్‌లో 8వ తరగతిలో చేరాను. మా ఊళ్ళో బడి 7 దాకానే. ఇక్కడికి కాలవగట్టు మీద 6 కిలోమీటర్లు, బస్సు లేదు. అక్క అంతకు ఏడాది ముందే 7 పాసై, తోడు లేక ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడితో కలిసి వెళ్తుందని అమ్మ పట్టుబట్టింది. నాన్నది కౌలు సేద్యం. కొనగలిగింది ఒకే సైకిలు, అదీ పాతది.

స్వాతంత్ర్యానికి ముందు సైకిలంటే ఎక్కువగా ఇంగ్లండు నుంచి దిగిన సరుకు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాక అది పల్లెలకూ చేరింది. మా రోజుల్లో మన స్టాండులో హెర్క్యులిస్, అట్లాస్, హీరో పక్కపక్కనే ఉండేవి. పేర్లు వేరైనా వాటం ఒకటే: నల్లరంగు, 28 అంగుళాల చక్రాలు, ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకదానికి 40. అందుకే ఏ ఊరి పంక్చరు షాపులోనైనా టైరూ ట్యూబూ దొరికేవి. పేదవాడికి అంతకంటే కావలసిందేముంది?

తాడేపల్లిగూడెంలో పాత సైకిళ్ళ షాపుకు నాన్నతో వెళ్ళాను. ఆయన రంగు చూడలేదు. ఫ్రేము అతుకుల దగ్గర వేలితో తడిమాడు. కొత్త రంగు కింద వెల్డింగు దాచి ఉంటుందట. చక్రం పైకెత్తి తిప్పి బెండు చూశాడు. పెడలు పట్టుకుని అటూ ఇటూ ఊపి ఇరుసు వదులైందేమో చూశాడు. "టైరు అరిగితే మార్చుకోవచ్చురా, ఫ్రేము విరిగితే సైకిలే పోయినట్టు" అన్నాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి బారు ఉన్న మగవాళ్ళ సైకిలు. రెండోది బారు లేని లేడీస్ సైకిలు, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా జాలీ. ధర దాదాపు ఒకటే. లేడీస్ సైకిలైతే అక్క కూడా తొక్కుతుందని నాన్న దాని వైపు మొగ్గాడు. నేను ఏడ్చాను. దానిమీద బడికి వెళ్తే నవ్వుతారన్నాను. బారు లేకపోతే గడ్డిమోపు బరువుకు ఆగదని షాపాయనా అన్నాడు. నాన్న నా మాటే విన్నాడు.

ఆర్నెల్లు బాగానే గడిచింది. నేను తొక్కేవాణ్ణి, అక్క క్యారియరు మీద పుస్తకాల సంచులు పట్టుకుని కూర్చునేది. లెక్కల మాస్టారు ఒకరోజు మా సైకిలునే లెక్కగా ఇచ్చారు. చక్రం చుట్టుకొలత 28ని 22/7తో హెచ్చిస్తే 88 అంగుళాలు. పెడలు దగ్గర చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. అంటే ఇంటి నుంచి బడికి సుమారు 1,100 చుట్లు. అందరికంటే ముందు లెక్క తేల్చింది అక్కే.

అర్ధ సంవత్సర పరీక్షల ముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. సైకిలు వసారాలో గోడకు ఆనించి ఉంది. పరికిణీతో బారు మీదుగా కాలు వేసి తొక్కడం అక్కకు కుదరలేదు. రెండు రోజులు నడిచింది, మూడోరోజు పెద్దవాళ్ళు ఒంటరిగా వద్దన్నారు. పరీక్షలు పోయాయి. అక్క నన్నేమీ అనలేదు. మంచం మీద నుంచి ఆ సైకిలు కనబడుతూనే ఉండేది.

సంక్రాంతికి ధాన్యం డబ్బు చేతికి రాగానే "లేడీస్ సైకిలు తెద్దాం నాన్నా" అని నేనే అడిగాను. పాతదిచ్చి, పైన 30 రూపాయలు పోసి మార్చుకొచ్చాం. నాలుగు రోజుల్లో కళ్ళంలో అక్క నేర్చేసుకుంది. తర్వాత గట్టు మీద పోను ఆమె, రాను నేను. నవ్వినవాళ్ళు వారం నవ్వారు. నాకు తెలిసినంతలో ఆ ఏడాది మన స్టాండులో బారు లేని సైకిలు అదొక్కటే. గడ్డిమోపు నాన్న నెత్తిన మోశాడు.

1981లో ఇద్దరం పది పాసయ్యాం. అక్క ఆ తర్వాత అంగన్‌వాడీ టీచరై ఎందరో పిల్లలకు అక్షరాలు దిద్దించింది.

తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం కింద ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్ళిచ్చింది. మొన్న ఉత్సవాల పనిమీద బడికి వచ్చినప్పుడు స్టాండులో బారు లేని సైకిళ్ళు వరసగా కనిపించాయి. ఫోను చేసి అక్కకు చెప్పాను. "గాలి ఉందా వాటిలో? చూసి చెప్పు" అంది. చూశాను. రెండింటిలో లేదు. పంపు తెప్పించి కొట్టి వచ్చాను.