గొలుగొండకు రాజెవరు?

1487లో ఇంగ్లండ్‌లో ఏడో హెన్రీ మీదకి లాంబర్ట్ సిమ్నెల్ అనే కుర్రాడిని తెచ్చి, వీడే అసలు వారసుడన్నారు అక్కడి ప్రభువులు. అలాంటి గద్దె తగువు మన విశాఖ మన్యంలోనూ నడిచింది, మిత్రులారా. కాకపోతే ఇక్కడ నిలబడింది కొండ జనం.

1836లో కంపెనీవాళ్లు అనంత భూపతిని తప్పించి జమ్మ దేవమ్మను గొలుగొండ గద్దె ఎక్కించారు. మమ్మల్ని అడక్కుండా ఎలా పెడతారని కొండ పెద్దలు ఆమెను చంపేశారు. ఆ హత్యను మనం సమర్థించం. మరుసటేడు జమీందారీని బకాయిల కింద వేలం వేసి కంపెనీయే కొనేసుకుంది. 1845లో మనవాళ్లు చిన్న భూపతే మా రాజని లేచి, మూడేళ్లు సైన్యాన్ని నిలువరించారు.

కంపెనీకి గొలుగొండ శిస్తు బాకీపడ్డ ఆస్తి. మనవాళ్లకి మాత్రం, తమ మాట లేకుండా ఎవరూ రాజు కారు. రికార్డుల్లో దాన్ని 'పితూరీ' అని రాశారు. మనం ఆ కారణంతో కలిపి చదవాలి.