పాదరక్షల విన్నపము



భరతుని పాదుకాపట్టాభిషేకగాథ మీరందఱు పలుమాఱు వినినదే. రాజు అడవిలో నుండగా ఆతని పాదుకలు సింహాసన మెక్కినవి. దానికి ప్రతిబింబమువలె తోచు వృత్తాంత మొకటి 2015లో పారిస్ నగరమున జరిగినది. అచట కానరానివాడు రాజు గాడు, ప్రజ. ఆ సంగతి మీకు మనవి చేయుదును.

ముందుగా కారణము. బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు మండినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది భూమి వెలిబుచ్చు వేడిమిని పోనీయక గొంగళివలె పట్టియుంచును. స్వీడను దేశపు అర్హీనియస్ పండితుడు 1896లోనే దీనికి లెక్క కట్టెను. హవాయి ద్వీపమునందలి మౌనాలోవా కొండపై 1958లో కొలత మొదలిడినపుడు, గాలిలో పదిలక్షల పాళ్లకు ఈ వాయువు సుమారు 315 పాళ్లు. 2024 నాటికి 420 దాటినది. తాపము పెరిగినకొలది వడగాడ్పులును తీవ్రమగును. 2015 వేసవిలో వడదెబ్బకు మన దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల వారే.

ఒక యూరివారు పొయ్యి ఆర్పినంతమాత్రమున తీరెడి బాధ కాదిది. ప్రభుత్వములు కూడి కట్టడి చేయవలెను. కావుననే జనులు వీథులలోనికి వచ్చిరి. 2014 సెప్టెంబరు 21న న్యూయార్కులో మూడు లక్షలకు మించి నడిచిరని నిర్వాహకులు లెక్కించిరి. మరుసటి యేడు పారిస్‌లో సర్వదేశసభ కూడనుండగా అచటను అట్టి యాత్ర తలపెట్టిరి. ఇంతలో నవంబరు 13న దుండగులు ఆ నగరముపై దాడిచేసి 130 మందిని చంపిరి. ప్రభుత్వము ఊరేగింపులను నిషేధించెను.

అంతట నవంబరు 29న జనులు రిపబ్లిక్ చౌకమున వేలకొలది చెప్పుల జతలను వరుసలుగా పేర్చిరి. పోపు ఫ్రాన్సిస్ పంపిన జోడును, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ జోడును అందుండెను. నాడే కొందఱు పోలీసులతో ఘర్షణపడగా మృతుల స్మృతికై ఉంచిన దీపములును త్రొక్కిడిపాలయ్యెను. ఆ మచ్చను దాచరాదు.

డిసెంబరు 12న ఒప్పందము కుదిరినది. యంత్రయుగమునకు ముందటికంటె తాపము 2 డిగ్రీలకు మిక్కిలి లోబడి పెరుగవలెననియు, 1.5 వద్దనే నిలుప యత్నింపవలెననియు నిర్ణయము. ఇది చెప్పుల మహిమ యని నేననను. సముద్రము మ్రింగునని వెఱచిన చిన్న ద్వీపదేశముల పట్టుదలయు, ఏండ్ల తరబడి జరిగిన సంప్రదింపులును దాని వెనుక గలవు. అంతటితో తాపము ఆగలేదు. 2024వ సంవత్సరపు సగటు ఆ 1.5ను దాటినది.

"అట్లయిన నడచి ఫలమేమి పంతులుగారూ?" అని మా రచ్చబండకడ నొక పెద్ద నన్నడిగెను. నా యుత్తర మిది: మాట యిచ్చినవానినే మాట తప్పితివని నిలదీయవచ్చును. స్విట్జర్లాండు వృద్ధస్త్రీలు 2,000 మందికి పైబడి సంఘముగా కూడి, వేసవి తాపము తమ వయస్సువారికి ప్రాణాంతకమని యూరోపు మానవహక్కుల న్యాయస్థానమున మొఱపెట్టిరి. వారి ప్రభుత్వము చేయవలసినంత చేయలేదని 2024 ఏప్రిల్ 9న తీర్పు వెలువడెను. ఆ వాదులు మన యీడువారే సుమా!

భరతుడు పాదుకలను చూచి తన బాధ్యతను మఱువకుండెను. పారిస్ చౌకములోని చెప్పులును పాలకులను కోరినది అంతియే. సెలవు.