పట్టమునకును పదవికిని నడుమ

విరాటపర్వమును చదివినవారు ధౌమ్యుని హితోపదేశమును మరువజాలరు. అజ్ఞాతవాసమునకు బోవుచున్న పాండవులకు రాజుల కొలువున నెట్లు మెలగవలెనో ఆ పురోహితుడు విప్పి చెప్పెను. అంతకుముందే అన్నదమ్ములు కూర్చుండి ఎవరికేది చేతనగునో విచారించుకొనిరి. భీముడు వంటలవాడుగా, అర్జునుడు నాట్యము నేర్పు బృహన్నలగా, నకులుడు గుఱ్ఱముల శిక్షకుడుగా, సహదేవుడు గోవుల కాపరిగా కుదురుకొన నిశ్చయించిరి. తన నేర్పు నెఱుగుట, కొలువు స్వభావము నెఱుగుట, ఆ రెంటిని పొందించుట, ఈ మూడును ఆ కథలో నున్నవి. మఱియొక సంగతియు గమనింపదగినది. విరాటుని యెదుట నిలిచినప్పుడు వారు తాము పూర్వము ధర్మరాజు కడ నుంటిమని చెప్పుకొనవలసి వచ్చెను. భీమసేనునంతటి వానికిని పాత యజమాని పేరు చెప్పనిదే వంటయిల్లు దొరకలేదు.

కొలువు కోరువానికి విద్య యొక్కటియే చాలదు. ఖాళీ యెక్కడ నున్నదో తెలియవలెను, తన్నుగూర్చి చెప్పువాడొకడు ఉండవలెను. విశ్వవిద్యాలయములలో చదివి వెలికివచ్చు యువకులకు ఈ రెండును సమకూర్చుటకై ప్రభుత్వములును విద్యాపీఠములును చేసిన యత్నముల చరిత్ర నూఱేండ్లకు మించినది. అందు ముఖ్యమైనది ఖాళీని గూర్చిన వార్త. అది కొందఱి సొత్తుగా నుండి అందఱిదిగా మారుటకు ఇంతకాలము పట్టినది.

కుంపిణీవారి నాటి కచేరీలలో ఉద్యోగవార్త గోడ దాటి వచ్చెడిది కాదు. శిరస్తాదారు మేనల్లుడు, పేష్కారు అల్లుడు, వారి బంధువుల బంధువులు ముందుగా ఉమేదువారులై చేరి, జీతము లేకయే లెక్కలు వ్రాయుచు, ఎవడైనను గతించునా, బదిలీ యగునా అని కనిపెట్టుకొని యుండెడివారు. ఖాళీ పడిననాడు కచేరీలో కూర్చున్నవానికే అది దక్కెడిది. ఊరిలోని వానికి ఖాళీ పడిన సంగతి, అది నిండిన తరువాత తెలిసెడిది. గుంటూరు మొదలగు జిల్లాలలో కొన్ని కుటుంబములే కచేరీలను చేతబట్టుకొనిన వృత్తాంతము చరిత్రకారులు వ్రాసియున్నారు. ఈ వ్యవహారము చెన్నపురి రెవిన్యూ బోర్డువారి దృష్టికిని వచ్చి, 1850 దశకమున వారొక స్థాయీ ఉత్తరువు పుట్టించిరి. జిల్లాలోని ఉద్యోగములు పలుకుబడి గల కొన్ని కుటుంబముల పాలు గాకుండ కలెక్టరులు చూడవలెననియు, ముఖ్యమైన వానిని పలు కులములవారికి పంచవలెననియు దాని సారాంశము. ఉత్తరువు కాగితము మీద చక్కగనే యున్నది. దానిని నడపవలసినవారును ఆ కచేరీలవారే!

ఈలోగా చదువునకును కొలువునకును ముడి పడెను. 1844లో గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు ఇంగ్లీషు పాఠశాలలలో చదివినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్యమీయవలెనని తీర్మానించెను. 1857లో కలకత్తా, బొంబాయి, చెన్నపురి విశ్వవిద్యాలయములు వెలసెను. మఱుసటి యేట కలకత్తాలో మొదటిసారి బి.ఏ. పట్టమందినవారు ఇరువురు. వారిలో నొకడు బంకించంద్రుడు. ఆ యేడే ఆయన డిప్యూటీ మేజిస్ట్రేటుగా నియమింపబడెను. పట్టమొక చేతిలో, పదవి యొక చేతిలో! దేశమంతయు ఈ దృశ్యమును చూచెను. బి.ఏ. యన్నది కొలువునకు చీటీ యను నమ్మకము ఆనాడు పాతుకొని, నేటికిని పూర్తిగా పెకలింపబడలేదు. పట్టభద్రులు ఏటేట పెరుగుచు వచ్చిరి. డిప్యూటీ మేజిస్ట్రేటు పదవులు ఆ లెక్కను పెరుగునా?

ఏ చదువు చదివిన నెక్కడికి చేరుదుమో చెప్పువారును ఆనాడు లేకపోయిరి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుని కథ ఇందుకు నిదర్శనము. ఆయన తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుట ఏ విచారణ ఫలమును గాదు. పుస్తకములు కొను స్తోమతు లేకుండగా, అప్పుడే చదువు ముగించిన బంధువొకడు తన తత్త్వశాస్త్ర గ్రంథముల నిచ్చెను. అంతటితో శాస్త్రము నిర్ణయమైనది. ఆయన 1909లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడై, 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడై, తుదకు రాష్ట్రపతి యయ్యెను. పాత పుస్తకము ఆయనకు మంచి దారినే చూపినది. ఆ రీతిగనే చేత చిక్కిన పుస్తకమును పట్టుకొని తనకు తగని దారిని పోయినవారి పేళ్లు ఏ చరిత్రలోను లేవు గనుక వారి సంఖ్య యెవరును చెప్పలేరు.

సీమలో ఈ విషయమై యోచన ముందుగా మొదలైనది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము 1892లోనే తన విద్యార్థుల నియామకములకై ఒక సంఘము నేర్పఱచెను. కేంబ్రిడ్జి 1902లో ఒక బోర్డును పెట్టినది. ఉపాధ్యాయుల నెఱిగిన పెద్దమనుష్యులకు జాబులు వ్రాయుట యను పాత పద్ధతినే ఒక కార్యాలయముగా మార్చుట యది. అమెరికాలో బోస్టను నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను నాయన 1908లో బీదల పిల్లలకై వృత్తిసలహా కేంద్రమును తెఱచెను. ఆ యేడే ఆయన గతింపగా, ఆయన గ్రంథము 1909లో వెలువడెను. తన్ను తానెఱుగుట, వృత్తుల నెఱుగుట, రెంటికిని పొందిక చూచుట అని ఆయన చెప్పిన మూడు మెట్లును మన విరాటపర్వ పాఠకులకు క్రొత్తవి కావు. 1909లో బ్రిటిషు పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి 1910 ఫిబ్రవరి 1వ తేదీన ఆ దేశమున పని కోరువారికిని పని యిచ్చువారికిని నడుమ సర్కారు కార్యాలయములు తెఱువబడినవి.

మన దేశమున పని యింత వేగముగ సాగలేదు. ఉచితముగా పని చూపు సర్కారు కార్యాలయములను నెలకొల్పవలెనను 1919 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడికను హిందూదేశ ప్రభుత్వము 1921లో అంగీకరించినది. 1938లో దానినుండి తొలగినది. నడుమ పదునేడేండ్లు గడచినవి, దేశమంతటికి చాలునట్టి కార్యాలయములు వెలయలేదు. 1934లో సంయుక్తరాష్ట్ర ప్రభుత్వము తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతను నిరుద్యోగ విచారణ సంఘమును నియమించెను. మన చదువు పరీక్షలకును పట్టములకునే గాని ఏ వృత్తికిని సిద్ధపఱచుట లేదని ఆ సంఘము తేల్చినది. పోటీపరీక్షల మార్గము మాత్రము కొంత తెఱచుకొనెను. 1926లో కేంద్రమున పబ్లిక్ సర్వీసు కమీషను ఏర్పడినది. రాష్ట్రములన్నింటికంటె ముందు చెన్నరాష్ట్రము 1929లో శాసనము చేసి తనకొక కమీషనును సంపాదించుకొన్నది. మేనమామ లేనివానికిని పరీక్ష యున్నదను ధైర్యము తెలుగు పల్లెలకు ఆ దారినే వచ్చినది.

ఉద్యోగవార్తకు సర్కారు వాకిలి తెఱువబడుటకు కారణము చదువరులు కారు, సిపాయిలు. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా, సైన్యమునుండి మరలివచ్చు లక్షలాది జనులకు పని చూపవలసి, 1945 జూలైలో కేంద్రప్రభుత్వము పునరావాస ఉపాధి శాఖను నెలకొల్పి, దాని క్రింద ఉపాధి కార్యాలయములను తెఱచెను. 1947లో దేశవిభజన జరుగగా కాందిశీకులు వచ్చి చేరిరి. 1948లో ఆ ద్వారములు పని కోరు ప్రతివానికిని తెఱువబడినవి. 1952లో బి. శివరావుగారి అధ్యక్షతను ఒక సంఘము కూర్చుండి, 1954లో నివేదిక నొసగి, ఈ సంస్థ శాశ్వతముగా నుండవలెననియు, దినదిన నిర్వహణము రాష్ట్రముల కప్పగింపవలెననియు చెప్పినది. ఆ అప్పగింత జరిగిన దినము 1956 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినమును అదియే. తెలుగువారు తమ రాష్ట్రమును, తమ ఉపాధి కార్యాలయములను ఒక్కనాడే చేపట్టిరి.

ఆ కార్యాలయమున పని జరుగు తీరు లెక్కలు వ్రాయువారికి సంతోషము కలిగించునది. వచ్చిన ప్రతివానికి ఒక కార్డు. అందు వాని చదువు, వయస్సు, నేర్చిన పని, ఎక్కడికి పోగలడో యను వివరము. 1958లో దేశమున నున్న వృత్తులన్నిటికిని అంకెలు వేసి ఒక జాబితా ప్రకటింపబడగా, ప్రతి కార్డునకు వృత్తి సంఖ్య యొకటి చేరెను. యజమాని ఖాళీ యున్నదని తెలుపగానే ఆ సంఖ్య గల కార్డులు వెలికితీసి, అర్హతను, పేరు నమోదైన తేదీని చూచి, తగినవారి పేళ్లు పంపుదురు. చాకలివాని కుమారునికార్డును జమీందారు కుమారునికార్డును ఒకే సొరుగులో తేదీ వరుసను నిలిచియుండుట ఉమేదువారుల కాలమువారు ఊహింపజాలని సంగతి. కాని గడువులోపల పునరుద్ధరణము చేసుకొననివాని కార్డు సొరుగు వదలును. పాపము, పట్టణమునకు దూరముగా నున్న పల్లెవారికే ఈ తప్పు ఎక్కువగా పట్టెడిది.

1956 తరువాతి యేండ్లలో ఈ వ్యవస్థ విశ్వవిద్యాలయముల ఆవరణలలోనికి వచ్చినది. ‘విశ్వవిద్యాలయ ఉపాధి సమాచార మార్గదర్శక కేంద్రము’ అని దాని పేరు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, హైదరాబాదున ఉస్మానియాలోను ఇట్టివి నెలకొన్నవి. సాధారణముగా అధిపతి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు. ఆయనకు తోడు ఉపాధి శాఖ పంపిన అధికారి. ఒకరికి విద్యార్థి తెలియును, ఒకరికి ఖాళీ తెలియును. పేళ్లు వ్రాసుకొనుట ఇచ్చటి పనిలో నొక భాగము మాత్రమే. పోటీపరీక్షల వివరములు, పై చదువుల సంగతులు, విద్యార్థివేతనముల ప్రకటనలు ఒక గదిలో పేర్చి యుంచుదురు. ఏ దారి పట్టవలెనో తోచనివానిని కూర్చుండబెట్టి మాటలాడుదురు. రాధాకృష్ణపండితునికి బంధువు పుస్తకములు చేసిన పని ఈ గదికి అప్పగింపబడినదన్నమాట. అయినను, అట్టి గది యొకటి యున్నదని యెఱుగకయే చదువు ముగించి ఇండ్లకు మరలిన విద్యార్థులు లేకపోలేదు.

ఉపాధి కార్యాలయము ఖాళీని చూపును, ఖాళీని పుట్టింపలేదు. ఈ భేదము నెఱుగక దానిని నిందించుట ఊరూర వినవచ్చిన మాట. శాసనమునందును ఒక వెలితి యుండెను. సర్కారు సంస్థలును, ఇరువదియైదుగురికి తక్కువ గాకుండ పనిచేయు ప్రైవేటు సంస్థలును తమ ఖాళీలను విధిగా తెలుపవలెనని 1959లో శాసనము చేసిరి. తెలుపుట విధి, పంపిన వారినుండియే ఎన్నుకొనుట విధి కాదు. పట్టమునకును పదవికిని గల ముడిని సడలింపవలెనను మాటయు లేచినది. రాధాకృష్ణపండితుని అధ్యక్షతను 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము పరిపాలనోద్యోగములకు పట్టము తప్పనిసరి కానక్కఱలేదనెను. 1986 జాతీయ విద్యావిధానము ఆ మాటనే మఱల పలికినది. ముడి చాలవఱకు నట్లే యున్నది.

1976లో కేంద్రప్రభుత్వము ఉద్యోగ ప్రకటనలకై ‘ఎంప్లాయిమెంట్ న్యూస్’ అను వారపత్రిక నారంభించెను. అది ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ భాషలలో వెలువడినది, తెలుగున రాలేదు. 2015 జూలైలో ప్రారంభమైన ‘నేషనల్ కెరీర్ సర్వీసు’ అను ఇంటర్నెట్టు సదుపాయము కార్డును సొరుగునుండి తప్పించి తెరమీదికి తెచ్చినది. పేరు చేర్చుకొనుటకు పట్టణమునకు పోనక్కఱలేదు, రుసుము లేదు.

ఈ చరిత్రలో మన ప్రాంతమునకు దగ్గఱగా జరిగిన సంఘటన యొకటి మిగిలినది. కృష్ణాజిల్లాలో ఎక్సైజు శాఖ నియామకములకు ఉపాధి కార్యాలయము పంపినవారిని మాత్రమే పరిశీలించిరి. పేరు రానివారు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయినది. 1996లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఉపాధి కార్యాలయమునకు తెలుపుటతో సరిపోదనియు, ఎక్కువగా చదువబడు వార్తాపత్రికలలో ప్రకటింపవలెననియు, కార్యాలయపు పలకపై అంటింపవలెననియు, రేడియోలోను టెలివిజనులోను చెప్పింపవలెననియు, అట్లు తెలిసి వచ్చిన వారినందఱను పరిశీలింపవలెననియు నిర్దేశించెను. తరువాతి నియామకములలో న్యాయస్థానములు పలుమాఱు ఆ తీర్పును పేర్కొనినవి. బల్లమీద పత్రికను పఱచి, ప్రకటనల పుట తెఱచి, దరఖాస్తు కడపటి తేదీని చీటీపై వ్రాసికొనుచు గ్రామ గ్రంథాలయములలో కూర్చుండు పిల్లలకు ఆ పుట అందుటకు కృష్ణాజిల్లానుండి పోయిన ఆ వ్యాజ్యమును ఒక కారణము.