తుపాకి తన్ను

పుప్పాలగూడ అంటే ఇప్పుడు ముప్పై, నలభై అంతస్తుల మేడలూ, కంప్యూటరు ఆఫీసులూను. నిజాంగారి రోజుల్లో గోల్కొండకి పడమటగా బండరాళ్ళ నడుమ ఓ పల్లెటూరు. ఆ కాలపు షికారు కబుర్లలో పులి పొడవెంతో చెబుతారు గాని, దాన్ని కాల్చిన దొరగారి భుజం ఏమయిందో ఎవరూ చెప్పరు. తుపాకి తంతుంది సుమండీ!

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా (పాలన 1869–1911) షికారుకి పెట్టింది పేరు. ఆయన హయాంలోనే, 1902 ఏప్రిల్లో, వైస్రాయి కర్జన్ భార్య మేరీతో కలిసి వరంగల్ జిల్లా నెక్కొండలో మకాం వేశాడు. చచ్చిన పులితో దంపతుల ఫొటోలు రాజా దీన్‌దయాళ్‌గారి స్టూడియో తీసింది.

అప్పటికి కొత్తరకం రైఫిళ్ళు వచ్చేశాయి. 1898లో లండన్ రిగ్బీ కంపెనీ కార్డైట్ మందుతో పేలే .450 రైఫిలు తెచ్చింది. తూటా 31 గ్రాములు, అంటే రెండున్నర తులాల పైమాటే. సెకనుకి 650 మీటర్ల వేగం. తూటా, దాని వెంట చిమ్మే వాయువూ ఎంత ఊపుతో ముందుకి పోతే, తుపాకి అంత ఊపుతో వెనక్కి రావాలి. న్యూటన్ చెప్పిన సంగతే. 5 కిలోల రైఫిలయితే, 5 కిలోల బియ్యం మూట నాలుగడుగుల ఎత్తు నించి భుజం మీద పడ్డట్టన్నమాట. తుపాకి బరువు సగం చేస్తే మోయడానికి సుఖమే గాని, తన్ను రెట్టింపవుతుంది. అందుకే దొరలు బరువైన తుపాకులే చేయించుకునేవారు. మోసేది ఎలాగూ నౌకర్లే కదా!

మిగతాదంతా పట్టులో ఉంది. బిందెని నడుముకి ఆనించి గట్టిగా పట్టుకుంటే కుదుపు తెలీదు, వదులుగా ఉంటే ఎముకకి కొట్టుకుంటుంది. తుపాకి మడమా అంతే. భుజానికీ దానికీ మధ్య వేలెడు సందున్నా, ఆ సందులో వేగం పుంజుకుని వచ్చి గుద్దుతుంది. మడమ వెడల్పుగా ఉండాలి, రొమ్ముకీ భుజానికీ మధ్య మెత్తని చోట ఆనాలి, మనిషి కాస్త ముందుకి వంగాలి. మడమకి రబ్బరు మెత్త తొడగడం కూడా విక్టోరియా రాణి నాటి లండన్ ఉపాయమే. అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బ తగలగానే నడుము దగ్గర ఒళ్ళు వెనక్కి ఊగాలి.

ఇక్కడే నాకు కర్జన్ మీద జాలేస్తుంది. కుర్రతనంలో గుర్రపుస్వారీలో వెన్ను దెబ్బతిని, బతికినన్నాళ్ళూ లోహపు పట్టీ బిగించుకున్న మనిషాయన. బిగుసుకుపోయి ఉంటాడని లోకం ఆడిపోసుకుంది. ఊగడానికి వీల్లేని ఆ వెన్ను పెద్ద తుపాకి తన్ను ఎలా ఓర్చుకుందో!

భుజం నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది. భయం పోదు. ఒకసారి తన్ను తిన్నవాడు రెండోసారి మీట నొక్కకముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం ముడుస్తాడు. గొట్టం కదులుతుంది, గురి తప్పుతుంది. పులి చావదు, గాయంతో పొదల్లో దూరుతుంది. దొర మంచె మీద భద్రంగానే ఉంటాడు. డప్పులు వాయించి పులిని తోలుకొచ్చిన ఊరివాళ్ళు మాత్రం నేల మీద ఉంటారు, చేతిలో కర్ర తప్ప ఏమీ లేకుండా. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టనబెట్టుకుందంటారు. దాని కోరపళ్ళు ఏనాడో తుపాకి దెబ్బకి విరిగాయట. ఆ తూటా పేల్చిందెవరో!

ఈ బెదురు పోగొట్టడానికి ఉస్తాదులు చేసే పని ఒకటుంది. శిష్యుడికి తెలీకుండా మందులేని తూటా పెట్టి ఇస్తారు. పేలని తుపాకి పట్టుకుని మనిషి ఉలిక్కిపడితే, చుట్టూ ఉన్నవాళ్ళకే కాదు, అతనికీ తన గుట్టు తెలిసిపోతుంది. ఆపైన కొన్నాళ్ళు చిన్న తుపాకితోనే సాధన చేయిస్తారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికార్ల ముచ్చట తీరిపోయింది. పాత రైఫిళ్ళ ఉక్కు ఈనాటికీ తళతళలాడుతూ ఉండొచ్చు. మడమన వేసిన ఆ రబ్బరు మెత్త మాత్రం ఏళ్ళు గడిచేసరికి ఎండి, బీటలిచ్చి, రాయిలా గట్టిపడిపోతుంది.