ముప్పై ఏడో సెకను

1996 జూన్ 4. దక్షిణ అమెరికా తీరాన ఫ్రెంచ్ గయానాలోని కూరూ. మనకు శ్రీహరికోట ఎలాగో యూరప్‌కు కూరూ అలాగ. మన ఇన్సాట్‌లు చాలా అక్కడి నుంచే ఎగిరాయి.

ప్యాడ్ మీద ఏరియాన్-5 తొలి ప్రయాణానికి సిద్ధంగా ఉంది. తలభాగంలో నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలున్నాయి. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలకూ భూమి అయస్కాంత కవచానికీ మధ్య జరిగే పోరును గమనించడం వాటి పని. ఇంధనం నింపడం సాఫీగా ముగిసింది. ఇంకా ఏడు నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. లోపం రాకెట్‌లో లేదు, ఆకాశం తేటగా లేదు. గంటసేపు నిరీక్షణ. చివరికి స్థానిక సమయం 9 గంటల 33 నిమిషాల 59 సెకన్లకు ప్రధాన ఇంజన్ మండింది. మరి కొన్ని సెకన్లకు రాకెట్ నేలను వదిలింది.

పది, ఇరవై, ముప్పై సెకన్లు. అంతా సవ్యం.

36.7 సెకన్లు. రాకెట్ ఎటు వంగుతోందో, ఎంత వేగంతో పోతోందో ప్రధాన కంప్యూటర్‌కు చెప్పే పెట్టెలు రెండున్నాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది స్టాండ్‌బైగా ఉంటుంది. ముందు స్టాండ్‌బై ఆగిపోయింది. సెకనులో ఇరవయ్యో వంతు గడిచిందో లేదో అసలుదీ ఆగిపోయింది. రెండింట్లోనూ ఉన్నది ఒకే ప్రోగ్రాం. ఒకటి ఎందుకు పడిందో రెండోదీ అందుకే పడింది. హార్డ్‌వేర్ చెడితే జోడు ఆదుకుంటుంది గానీ, తప్పు ప్రోగ్రాంలోనే ఉంటే జోడు ఏం చేస్తుంది?

ఆగిపోతూ ఆ పెట్టె తనకేమైందో చెప్పే డయాగ్నస్టిక్ అంకెలను పంపింది. ప్రధాన కంప్యూటర్ వాటినే ప్రయాణ వివరాలనుకుంది. లేని వంకరను సరిదిద్దబోయి నాజిళ్లను ఆ కొసకు తిప్పేసింది. రాకెట్ 20 డిగ్రీలకు పైగా పక్కకు తిరిగింది. గాలి ఒత్తిడికి బూస్టర్లు ఊడాయి, వెంటనే స్వీయ విధ్వంస వ్యవస్థ పనిచేసింది. 39వ సెకను దగ్గర, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున అంతా అయిపోయింది. సుమారు 12 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవుల్లో, బురదలో శకలాలు రాలాయి.

ఆ బురదలోంచే రెండు పెట్టెలనూ వెలికితీశారు. ఆఖరి క్షణంలో ఏం జరిగిందో వాటి మెమరీలో పదిలంగా ఉంది. ఫ్రెంచ్ గణితవేత్త జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం జూలై 19 నాటికే నివేదిక సిద్ధం చేసింది.

ఆ పెట్టెల ప్రోగ్రాంలో, అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువ 64 బిట్ల దశాంశ సంఖ్యగా ఉంటుంది. దాన్ని 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకంగా మార్చాలి. అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767. ఆ రోజు విలువ దాన్ని దాటింది. ఎక్సెప్షన్ లేచింది, దాన్ని పట్టుకునే కోడ్ లేదు. ఏ ఎక్సెప్షన్ వచ్చినా ప్రాసెసర్ ఆగిపోవాలన్నది డిజైన్‌లోనే రాసుకున్న నియమం.

అజాగ్రత్త అని కొట్టిపారేయకండి. ఇలా పొంగే ప్రమాదమున్న వేరియబుల్స్ ఏడని గుర్తించి నాలుగింటికి రక్షణ పెట్టారు. మిగతా మూడింటిని తెలిసే వదిలేశారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదు, ఆ మూడు విలువలూ ఎలాగూ హద్దు మీరవు అన్నది వారి లెక్క. ఆ ప్రోగ్రాం పుట్టిన ఏరియాన్-4లో ఆ లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. ఏరియాన్-5లో మాత్రం అడ్డ వేగం ఐదు రెట్లు తొందరగా పెరుగుతుంది. పైగా ఆ లెక్క చేసే భాగానికి రాకెట్ ఎగిరాక అసలు పనే లేదు. పాతదాంట్లో ఉంది కదా అని ఉంచేశారు.

విచారణ సంఘం రాసిన వాటిలో నన్ను పట్టి ఆపింది ఒక మాట. ఆ మూడింటినీ ఎందుకు వదిలేశారన్న వివరణ కోడ్‌లో ఎక్కడా లేదట. పత్రాల గుట్టల్లో ఎక్కడో మరుగున పడిపోయిందట.

1997 జనవరిలో ఈఫిల్ ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త బెర్ట్రాండ్ మేయర్, జాన్-మార్క్ జెజెకెల్‌తో కలిసి ‘కంప్యూటర్’ పత్రికలో ఇదే విషయం ఎత్తుకున్నారు. ఏరియాన్ ప్రోగ్రాం ఎడా భాషలోది. అయినా ఈ పాఠాన్ని ఎక్కువగా తలకెక్కించుకోవలసింది ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ వాళ్లే. ఒకసారి రాసిన క్లాసును పదిచోట్ల వాడుకోవచ్చన్నదే కదా వాళ్ల గొప్ప! మేయర్ చెప్పేది ఒప్పందం గురించి. మన కౌలు మాటల్లా నోటితో సరిపెట్టకుండా ప్రతి మెథడ్ పైనా షరతు రాయాలి. ‘రిక్వైర్: విలువ 32,767 దాటరాదు’ అన్న ఒక్క లైను. నాకేం కావాలో ముందే చెబుతాను, అది ఇస్తే ఫలితానికి పూచీ నాది అని. పిల్ల క్లాసు ఆ షరతును సడలించవచ్చు గానీ బిగించకూడదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ కూడా మరో దారిలో ఇదే తేల్చారు. ఆమెకు 2008 ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మేయర్ మాటను ఒప్పుకోని ఇంజనీర్లూ ఉన్నారు. వాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. అసలు పెట్టెను ఏరియాన్-5 ప్రయాణ మార్గం అంకెలతో నేల మీద నడిపి చూడలేదు. పరీక్షల్లో దాని బదులు నకలు ప్రోగ్రాం పెట్టారు. ప్రమాదం తర్వాత అసలు ప్రోగ్రాంకు ఆ అంకెలు ఇచ్చి చూస్తే అదే వైఫల్యం మళ్లీ జరిగింది. షరతు రాసినా, దాన్ని తాకే పరీక్ష లేకపోతే అది ఉత్త కాగితమే. అలాగని ఎక్సెప్షన్‌ను పట్టుకుని, లోపల ఏమీ రాయకుండా వదిలేసే ఖాళీ క్యాచ్ బ్లాకులు ఇంకా ప్రమాదం. ఇక్కడ రాకెట్ పేలింది కాబట్టి కారణం తెలిసింది. అవైతే చప్పుడే చేయవు.

క్లస్టర్ ఉపగ్రహాలను మళ్లీ తయారుచేసి, 2000లో బైకనూర్ నుంచి సోయుజ్ రాకెట్ల మీద పంపారు.

సాఫ్ట్‌వేర్ మిత్రులకు ఒక మనవి. రేపు పాత ప్రాజెక్టులోని క్లాసును ఎత్తుకొచ్చి కొత్తదాంట్లో పెట్టేముందు, దాని షరతులు కోడ్‌లోనే రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే, ఆ కోడ్ రాసినవాళ్లు కంపెనీ మారకముందే అడిగి రాయించండి.