పట్టు వదలని కాలిపర్

కొన్నేళ్ళ క్రితం, వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో, నా మోటారుసైకిలు నడకలో ఏదో తేడా కనిపించింది. ఎంత యాక్సిలరేటరు ఇచ్చినా బండి గింజుకుంటున్నట్టుగా కదిలేది. న్యూట్రల్లో పెట్టి తోస్తే నాలుగడుగులైనా దొర్లేది కాదు. ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే డిస్కు నుంచి సెగ కొట్టింది. బ్రేకు పట్టడం లేదని వాపోయేవాళ్ళను చాలామందిని చూశాను గాని, నాది పట్టిన బ్రేకు వదలడం లేదన్న బాధ! దగ్గర్లోని షెడ్డులో కాలిపర్ విప్పి, పిస్టన్‌ను గరుకు కాగితంతో రుద్ది, అన్నిటినీ పెట్రోలుతో కడిగి బిగించి ఇచ్చారు. రెండు వారాలు హాయిగా తిరిగాను. మూడో వారం అది మునుపటికన్నా గట్టిగా బిగుసుకుపోయింది. అలా ఎందుకైందో తెలుసుకోబోయి, ఈ పిడికెడు లోహపు ముక్క వెనక శతాబ్దానికి మించిన కథ ఉందని గ్రహించాను. ఆ కథలో పట్టుకోవడం కన్నా వదలడమే కష్టమైన విద్య.

డిస్కు బ్రేకుకు 1902లో పేటెంటు పొందినవాడు ఫ్రెడరిక్ లాంచెస్టర్, ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో కార్లు తయారుచేసిన ఇంజనీరు. చక్రంతో పాటు తిరిగే పలచని బిళ్ళను రెండు వైపుల నుంచీ నొక్కి ఆపడం ఆయన ఆలోచన. ఆలోచనలో లోపం లేదు. అయితే నొక్కే దిమ్మెలకు ఆయన వాడింది రాగి. రాగి లోహపు బిళ్ళను రాసుకుంటే పుట్టే కీచుమోత వీధిలో వాళ్ళు భరించగలిగేది కాదు. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆ దిమ్మెలకు ఆస్బెస్టాస్ తొడుగు వేసి మోతను చాలావరకు అణిచాడు. (ఆ ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని లోకం ఒప్పుకోవడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. అది వేరే విషాదం.) 1953లో లె మాన్ పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు గెలిచాక కార్ల లోకంలో ఇక ఎవరికీ సందేహం మిగలలేదు.

రెండు చక్రాల బళ్ళకు ఈ విద్య ఆలస్యంగా వచ్చింది, అదీ మోటారుసైకిలు మీద కాక స్కూటరు మీద వచ్చింది. 1962లో ఇటలీ లాంబ్రెట్టా వాళ్ళు టీవీ 175 మూడో శ్రేణి స్కూటరుకు ముందు డిస్కు పెట్టారు. దాన్ని నడిపించేది మామూలు బ్రేకు తీగే. తీగ సాగుతుంది, తుప్పు పడుతుంది, తొడుగులో రాసుకుని చేతి బలాన్ని దారిలోనే కొంత మింగేస్తుంది. ఆ బలాన్ని ద్రవంతో చక్రం దాకా పంపే డిస్కు బ్రేకును పెద్ద సంఖ్యలో జనానికి అందించిన మోటారుసైకిలు 1969 నాటి హోండా సీబీ 750.

ఆ హోండా కాలిపర్‌ను కాస్త నిలబడి చూడాలి. పిస్టన్ ఒకటే, డిస్కుకు ఒక పక్కనే ఉంటుంది. అది తన వైపు పేడ్‌ను డిస్కుకు నొక్కగానే, దాని ప్రతిబలంతో కాలిపర్ మొత్తం ఒక ఇరుసు మీద ఒరిగి అవతలి పేడ్‌ను కూడా డిస్కుకు ఆనిస్తుంది. తక్కువ భాగాలతో తేలిగ్గా సాగిపోయే ఏర్పాటు. కాని అంతా ఆ ఇరుసు కదలడం మీదే ఆధారపడి ఉంది. వాననీరు, బురద, మంచుదేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు చేరి, గ్రీజు ఎండిపోయి ఇరుసు బిగుసుకుంటే ఒక పేడే అరుగుతుంది, రెండోది డిస్కును అంటిపెట్టుకుని వదలదు. ఆ బళ్ళను నేటికీ ప్రాణప్రదంగా కాపాడుకునేవాళ్ళు ముందు శుభ్రం చేసేది ఆ ఇరుసునే.

మరి లివరు వదిలాక పిస్టన్‌ను వెనక్కు లాగేది ఏమిటి? నేను చాలాకాలం లోపల ఏదో స్ప్రింగు ఉంటుందనుకున్నాను. లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు కోత గల రబ్బరు వలయం ఒకటి గాడిలో కూర్చుని ఉంటుంది. పిస్టన్ ముందుకు పోతే ఆ రబ్బరు దాన్ని వదలకుండా కొద్దిగా మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే రబ్బరు తన రూపానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కు లాక్కొస్తుంది. ఆ వెంట్రుకవాసే బ్రేకు వదలడమంటే.

మనం బ్రేకాయిలు అంటాం గాని అది నూనె కాదు. మామూలుగా వాడేది గ్లైకాల్ జాతి ద్రవం, గాలిలోని తేమను కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. సీసాలో కొత్తగా ఉన్నప్పుడు డాట్ 4 రకం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన స్థితికి అదే ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, లివరు హ్యాండిల్‌కు ఆనినా బండి ఆగదు. ఆ తేమే కాలిపర్ గాడిలోకి చేరి అల్యూమినియాన్ని తెల్లటి పొడిగా మారుస్తుంది. ఆ పొడి రబ్బరు వలయాన్ని వెనక నుంచి పిస్టన్ మీదికి నెడుతుంది. నా బండిలో మొదట జరిగింది ఇదే. పిస్టన్‌ను ఎంత రుద్దినా గాడిలో పొడి గాడిలోనే ఉండిపోయింది. పైగా, నూనె అన్న పేరు చూసి కాబోలు, పెట్రోలుతో కడిగారు. ఈ ద్రవానికి ఓర్చే రబ్బరు పెట్రోలుకు ఓర్వదు, ఉబ్బిపోతుంది. ఉబ్బిన రబ్బరు వెనక్కు లాగదు, పట్టుకుని కూర్చుంటుంది.

లోపాలతో పుట్టిన బ్రేకులను బాగుచేసినవాళ్ళు చాలాసార్లు వాటి యజమానులే. 1972 నుంచి నార్టన్ కమాండోకు ముందు డిస్కు వచ్చింది. లివరు రాయిలా గట్టిగా ఉంటుందనీ, బండి మాత్రం తీరిగ్గా ఆగుతుందనీ దానికి పేరుపడింది. తప్పు కాలిపర్‌ది కాదు. పైన హ్యాండిల్ దగ్గరి మాస్టర్ సిలిండరు వ్యాసం అంగుళంలో ఎనిమిదింట ఐదో వంతు, అంటే సుమారు 15.9 మిల్లీమీటర్లు. యజమానులు దాంట్లో తొడుగు దింపి 13 మిల్లీమీటర్లకు కుదించారు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, అదే చేతి బలానికి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. లివరు కొంచెం ఎక్కువ దూరం రావడం అందుకు చెల్లించిన మూల్యం. కాలిపర్‌ను తాకకుండానే బ్రేకు మారిపోయింది! పెద్ద కాలిపర్ కొని తగిలించడమే మెరుగుదల అనుకునేవాళ్ళకు ఈ లెక్క ఒకసారి చెప్పి చూడాలి.

మన దేశపు కథలో ఒక చేదు మలుపుంది. యమహా ఆర్డీ 350కి జపానులో 1973 నాటికే ముందు డిస్కు ఉంది. దాన్నే 1983లో ఎస్కార్ట్స్ వారు రాజ్‌దూత్ 350గా ఇక్కడ తెచ్చినప్పుడు, ఖర్చు తగ్గించడానికి ఆ డిస్కు తీసేసి డ్రమ్ము బ్రేకు పెట్టారు. బలమైన రకంలో ముప్ఫై అశ్వశక్తి దాటిన ఇంజను, ఆనాటి మన రోడ్ల మీద దానికి సాటి లేదు. ఆపే సాధనం మాత్రం దానికి తగినది కాదు. ఆర్డీ అన్న రెండక్షరాలకు కుర్రకారు చావును జోడించి చెప్పుకునే ఇంగ్లీషు విస్తరణ ఊరికే పుట్టలేదు. డిస్కు మన దేశానికి అందని వస్తువని కూడా అనలేం. అదే దశాబ్దంలో మద్రాసు ఎన్‌ఫీల్డ్ ఫ్యూరీ 175కు ముందు డిస్కు ఉండనే ఉంది. కాని 1999లో హీరో హోండా సీబీజీ, 2001లో పల్సర్ వచ్చేదాకా అది మామూలు కొనుగోలుదారుకు పరిచయం కాలేదు.

ఆ తరవాత పాత రాజ్‌దూత్‌లు దాచుకున్నవాళ్ళు కొత్త బళ్ళ డిస్కులు, కాలిపర్లు తెచ్చి తగిలించుకోవడం మొదలుపెట్టారు. తీసేసిన బ్రేకును సొంత డబ్బుతో తిరిగి తెచ్చుకోవడమన్నమాట. ఇక్కడే ఒక ప్రమాదముంది. డ్రమ్ము కోసం పోతపోసిన ఫోర్కుకు కాలిపర్ బిగించే చెవులు ఉండవు. ఏ పట్టీయో కోసి వెల్డింగు చేయిస్తారు. చక్రపు వ్యాసార్ధం సుమారు 300 మిల్లీమీటర్లు, డిస్కు మీద పేడ్ నొక్కే చోటికి ఇరుసు నుంచి సుమారు 100. కనుక టైరు రోడ్డును పట్టే బలానికి మూడింతలు ఆ కాలిపర్ మీద పడుతుంది. వెల్డింగు అతుకు మీద అంత భారం మోపేవాడు, అది ఊడితే కాలిపర్ ఆకుల్లో ఇరుక్కుని చక్రం ఎక్కడికక్కడ నిలిచిపోతుందని ఒక్క క్షణం ఊహించుకోవాలి. చెవులున్న ఫోర్కు, దానికి సరిపడే హబ్బు ఒకే బండి నుంచి తెచ్చుకోవడం ఖర్చయినా అదే దారి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి అయింది గాని, పాత బళ్ళకు ఇప్పటికీ ఆ అతుకే గతి.

చివరికి నా కాలిపర్‌ను మరో ఊళ్ళో ఒక పెద్దాయన బాగుచేశారు. గాలి తీసే నిప్పిల్‌ను బలంతో తిప్పలేదు, ముందు వేడి చేసి వదులు చేశారు. పిస్టన్ మీద క్రోమ్ గుంటలు పడిందని పక్కన పడేసి కొత్తది తెమ్మన్నారు. పంటి డాక్టరు పుల్లలాంటి దాంతో అరగంట సేపు గాడిలోని తెల్లపొడి గీకారు. పెట్రోలు డబ్బాను బల్ల మీదికి రానివ్వలేదు, కొత్త బ్రేకాయిలుతోనే అన్నీ కడిగి, కొత్త రబ్బర్లు తడిపి కూర్చోబెట్టారు. బిగించాక లివరు నాలుగుసార్లు నొక్కి వదిలి, ముందు చక్రాన్ని పైకెత్తి ఒక్క వేలితో తోశారు. పేడ్ సన్నగా రాసుకుంటున్న చప్పుడుతో అది రెండు చుట్లు తిరిగి ఆగింది. "ఇంక చాలు బాబూ, మళ్ళీ రెండేళ్ళకి ఆయిలు మార్చు" అన్నారాయన. ఆయనా ఆయిలనే అన్నారు.